గల్లాలో దాచిన చీటీ

మా బాపు సింగరేణిలో పనిచేసే రోజుల్లో మేం బెల్లంపల్లిలో ఉండేవాళ్ళం. అప్పట్లో అది ఆదిలాబాద్ జిల్లా. 2016లో మంచిర్యాల జిల్లాలోకి పోయింది. క్వార్టర్ల చివర ఒక కిరాణా కొట్టు ఉండేది. ఆ కొట్లో బిస్కెట్ డబ్బాల పైన ఒక అట్ట వేలాడుతుండేది. ఎనభైల్లో, తొంభైల్లో పెరిగినవాళ్ళకి ఆ అట్ట గుర్తుండే ఉంటుంది. దాని మీద వరసగా చిన్న చిన్న చీటీలు మడిచి అంటించి ఉంటాయి. చారాణా ఇచ్చి ఒకటి చింపుకోవాలి. లోపల నంబరుంటే ఆ నంబరు బహుమతి మనది. ఈల, బుడగ, ప్లాస్టిక్ ఉంగరం, అన్నిటికన్నా పైన తళతళలాడే ఒక వాచీ.

ఆ వాచీ మీద నాకు చాలా రోజులు కన్నుండింది. ఒకరోజు చూస్తే అట్ట మీద నాలుగే చీటీలు మిగిలాయి. వాచీ ఇంకా అక్కడే ఉంది! నాలుగు చారాణాలు, అంటే ఒక్క రూపాయి. ఇంట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టిన రూపాయి తీసుకుని పరుగెత్తాను. నాలుగూ చింపాను. రెండు ఖాళీ, ఒక ఈల, ఒక ఉంగరం. అంతే, అట్ట అయిపోయింది. వాచీ మాత్రం అలాగే వేలాడుతోంది.

ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన బాపుకి ఏడుస్తూ చెప్పాను. ముందు రూపాయి తీసినందుకు నాకు ఒకటి పడింది. తర్వాత ఆయన చెప్పులేసుకున్నాడు.

"సేటూ, అట్ట ఖాళీ అయ్యింది. వాచీ చీటీ ఏది?"

"పిల్లలాటకు గింత పంచాదేందన్నా?" అని సేటు నవ్వబోయాడు.

"పిల్లలాటనే. పైసలు మాత్రం నావి."

సేటు కాసేపు అటూ ఇటూ చూసి గల్లా తీశాడు. చిల్లర కింద నుంచి మడిచిన చీటీ ఒకటి బయటికొచ్చింది. వాచీ నాకొచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఈమధ్య వీడియో గేముల్లో చిల్లర కొనుగోళ్ళ గురించి స్నేహితులతో ఓ వాదన నడిచింది. మైక్రోట్రాన్సాక్షన్లు అంటారు చూశారూ, అవి. మా అట్ట భాషలో చారాణాలన్నమాట. "అది జూదమా కాదా?" అన్నదగ్గరే వాదన మొదలై, అక్కడే ఆగిపోయింది. నాకేమో, మనం అరవై ఏళ్ళుగా ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని, మా బాపు అడిగిన ప్రశ్నని వదిలేశామనిపించింది. ఆయన అది అదృష్టమా, నైపుణ్యమా అని అడగలేదు. చీటీ ఏది అని అడిగాడు.

అరవై ఏళ్ళు అని ఊరికే అనలేదు. ఈ కథ మన దగ్గరే, సికింద్రాబాదులో మొదలైంది.

1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల జనం డబ్బులు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కేసు పెట్టిన చట్టం నిజాం కాలం నాటిది. 1305 ఫసలీ, అంటే ఇంచుమించు 1895-96లో వచ్చిన హైదరాబాదు జూద చట్టం. కరీంనగరూ, ఆదిలాబాదూ నిజాం రాజ్యంలోనివే కాబట్టి మా తాతల కాలంలో ఇక్కడి పత్తాలాటకి కూడా ఆ చట్టమే. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. న్యాయశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలిసిన సత్యనారాయణ కేసు ఇదే.

ఆ తీర్పులో అందరూ చెప్పుకునేది మొదటి సగం. రమ్మీలో ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట. మూడు ముక్కలాట లాగా ఉట్టి అదృష్టం కాదు. ప్రభుత్వం ఓడిపోయింది. ఆ తర్వాత వచ్చిన 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నైపుణ్యం ఆటలకి మినహాయింపునిచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత రమ్మీ వెబ్‌సైట్లన్నీ తమ మొదటి పేజీలో ఈ తీర్పునే కవచంలా తగిలించుకున్నాయి.

రెండో సగం సంగతి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. పేకలకీ, సర్వీసుకీ క్లబ్బు కొంచెం రుసుము తీసుకుంటే తప్పులేదని చెబుతూనే, క్లబ్బు యజమాని ఆ పందెపు ఆట నుంచే లాభం చేసుకుంటున్నాడని సాక్ష్యం ఉంటే మాత్రం నేరం నిరూపించవచ్చునని కోర్టు తలుపు తెరిచి ఉంచింది. ఆట ఎలాంటిదని మాత్రమే కాదు, బల్ల వేసినవాడు ఏం చేస్తున్నాడు అని కూడా చూడాలని దానర్థం. నేను లాయరుని కాదు గానీ, నాకు మా బాపు మాట అక్కడే వినపడుతుంది. గల్లా తెరిచి చూపించు అని.

అదే మనం మర్చిపోయాం. మన జిల్లా ఎడిషన్లు గుర్తు తెచ్చుకోండి. దసరాకో దీపావళికో "పేకాట స్థావరంపై దాడి" అని ఒక వార్త, దానికింద ఒక ఫొటో. తలలు దించుకుని వరసగా నిలబడ్డ ఆరేడుగురు, ముందు బల్ల మీద పేకముక్కలు, నోట్లు, సెల్‌ఫోన్లు. ఫొటోలో ఉండేది ఆడినవాళ్ళు. ఆట తయారుచేసినవాడి ఫొటో ఎప్పుడైనా చూశారా? పేకముక్కలకైతే తయారుచేసినవాడిని పట్టుకోవాల్సిన పని లేదు నిజమే. యాభై రెండు ముక్కలూ అందరికీ కనపడేవే. సాఫ్ట్‌వేరు అలా కాదు కదా.

ఇప్పుడు గేముల సంగతికొద్దాం.

2006 ఏప్రిల్లో అమెరికాలో ఒక చిన్న గొడవ జరిగింది. ఆబ్లివియన్ అనే ఆటలో మన గుర్రానికి కవచం కావాలంటే రెండున్నర డాలర్లు కట్టమన్నారు. అప్పటి మారకంలో నూటపది రూపాయల పైచిలుకు. గుర్రం బొమ్మకి తొడుగు! జనం పగలబడి నవ్వారు. కొన్నవాళ్ళూ కొన్నారు. ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే ఆ గుర్రపు కవచం ఎంత నిజాయితీ అయిన వ్యాపారమో అనిపిస్తుంది. వస్తువు కనపడుతోంది, ధర కనపడుతోంది. ఇష్టమైతే కొను, లేకపోతే మానెయ్.

అసలు చిక్కు అంతకుముందే జపానులో మొదలైంది. అక్కడ కొట్ల ముందు నాణెం వేసి మర తిప్పితే లోపలినుంచి ఏదో ఒక బొమ్మ పడే యంత్రాలుంటాయి. గాచా అంటారు. 2004లో మేపుల్ స్టోరీ అనే ఆన్‌లైన్ ఆట జపాన్ రూపంలో ఆ యంత్రాన్ని ఆటలోపలికి తెచ్చారు. ఫోన్లలోకి వచ్చాక అది ముదిరి, గాచాలో పడ్డ బొమ్మలన్నీ ఒక సెట్టుగా పూర్తిచేస్తేనే పెద్ద బహుమతి అన్న పద్ధతి తయారైంది. ప్రాబబిలిటీ చదువుకున్నవాళ్ళకి తెలుసు, సెట్టులో ఆఖరి బొమ్మ దొరకడమే అన్నిటికన్నా కష్టం. "ఇంకొక్కటే కదా" అని మనిషి తిప్పుతూనే ఉంటాడు. 2012 మేలో జపాన్ వినియోగదారుల సంస్థ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. గమనించండి, వాళ్ళు జూదం చట్టం జోలికి పోలేదు. కొనుగోలుదారుకి బహుమతుల ఎర వేయడం మీద ఉన్న చట్టం తీశారు. ఆట మంచిదా చెడ్డదా అని కాకుండా, అమ్మే పద్ధతి సరిగ్గా ఉందా లేదా అని అడిగారు.

మా అట్టకీ ఈ పెట్టెలకీ తేడా ఏంటో ఒక్క లెక్కతో చెప్తాను. అట్ట మీద వంద చీటీలున్నాయి, వాచీ ఒక్కదాంట్లో ఉంది అనుకుందాం. సేటు నిజాయితీపరుడైతే వంద చీటీలు చింపినవాడికి వాచీ ఖాయం. చింపిన చీటీ తిరిగి అట్ట మీదకి రాదు కాబట్టి మనం దగ్గర పడుతున్నామో లేదో లెక్కపెట్టుకోవచ్చు. యాప్‌లో "ఒక శాతం అవకాశం" అని ఉంటే అట్ట ఎప్పటికీ ఖాళీ కాదు. ప్రతిసారీ కొత్త అట్టే. వందసార్లు కొన్నా దొరికే అవకాశం 63 శాతమే. అంటే వందేసిసార్లు కొన్న ప్రతి వందమందిలో 37 మంది ఉట్టి చేతులతో మిగులుతారు. ఇది మోసం కూడా కాదు, రాండమ్ నంబరు సరిగ్గా పనిచేస్తేనే ఇలా అవుతుంది. కానీ ఒక శాతం అన్న మాట చదివిన పిల్లవాడికి "వంద కొంటే వస్తుంది" అనే వినపడుతుంది. పిల్లవాడిదాకా ఎందుకు, నాకూ మొదట అలాగే వినపడింది.

పైగా ఆ ఒక శాతం ఎంతో చెప్పాలన్న నియమం కూడా చాలాకాలం లేదు. చైనా 2017 మే నుంచి చెప్పి తీరాలంది. యాపిల్ ఆ డిసెంబరులో తన స్టోర్‌లో నియమం పెట్టింది. ఈ రెంటికీ మధ్య నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ళ స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 గొడవ జరిగింది. పూర్తి డబ్బులిచ్చి ఆట కొన్నవాడికి కూడా డార్త్ వేడర్ పాత్ర కావాలంటే 60 వేల క్రెడిట్లు కావాలి. అంటే నలభై గంటల ఆట అని ఒకాయన లెక్కగట్టాడు. కంపెనీ రెడిట్లో ఇచ్చిన సంజాయిషీకి ఆరున్నర లక్షలకి పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. ఆట విడుదలకి ముందురోజు కొనుగోళ్ళన్నీ ఆపేశారు. 2018 ఏప్రిల్లో బెల్జియం అలాంటి పెట్టెలు తమ జూదం చట్టం కిందికి వస్తాయని ప్రకటించింది.

అదే 2017లో మన దగ్గరేమైంది? జూన్, జులైల్లో తెలంగాణ ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చి, ఆ తర్వాత వాటిని చట్టం చేసింది. 1974 చట్టంలోని నైపుణ్యం మినహాయింపు పోయింది. డబ్బులు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటం నిషేధం. ఏస్ టు త్రీ లాంటి రమ్మీ కంపెనీ అప్పట్లో హైదరాబాదులోనే ఉండేది, కానీ కరీంనగర్ మనిషి అందులో డబ్బులు పెట్టి ఆడకూడదు. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. మళ్ళీ అదే పాత వాదన, నైపుణ్యమా అదృష్టమా. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆన్‌లైన్ పందేలు నిషేధించింది.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ వాదనని పక్కన పెట్టింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా సరే, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆట నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చినవాళ్ళకీ శిక్షే. ఆడినవాళ్ళకి మాత్రం శిక్ష లేదు. జిల్లా ఎడిషన్ ఫొటోలో ఎవరు నిలబడాలన్నది యాభై ఎనిమిదేళ్ళ తర్వాత తిరగబడింది. చట్టం మీద కంపెనీలు వేసిన కేసుల్ని సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరులో తన దగ్గరికి తెప్పించుకుంది. పూర్తి నిషేధం సరైందా కాదా అన్నది వేరే చర్చ, నాకూ అనుమానాలున్నాయి. కానీ ఆ చట్టం చూపంతా డబ్బు గెలిచే ఆటల మీదే. డబ్బు పెట్టి, ఆటలో తప్ప ఎక్కడా చెల్లని తొడుగు గెలిచే పిల్లల ఆటల సంగతి? అక్కడ గల్లా ఇంకా మూసే ఉంది.

ఇక నా సంగతి.

2014లో హైదరాబాదులో ఒక మొబైల్ గేమ్ కంపెనీలో చేశాను. రమ్మీ కాదు, పిల్లలూ పెద్దలూ ఆడే మామూలు ఆట. నేను చూసేది స్టోర్ పేజీ. ఒకరోజు ఒక టికెట్ వచ్చింది. "ఆఖరి అవకాశం" అని ఒక ఆఫరు, పక్కన 24 గంటల గడియారం వెనక్కి నడుస్తూ ఉండాలి. గడువు అయిపోయిందా, కొన్ని గంటలాగి మళ్ళీ 24 నుంచి మొదలు. మీటింగులో అడిగాను, "మళ్ళీ వస్తే అది ఆఖరి అవకాశం ఎలా అవుతుంది?" అని. "యూజర్‌కి నష్టమేముంది, డిస్కౌంటే కదా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోడు ఆరు లైన్లు. రివ్యూలో ఒకాయన వేరియబుల్ పేరు మార్చమన్నాడు, మార్చాను. అయిపోయింది. ఆ ఏడు నాకు మంచి రేటింగే వచ్చింది.

2021లో కరీంనగర్ నుంచి అక్క ఫోన్ చేసింది. మేనల్లుడు అప్పుడు ఎనిమిదో తరగతి. ఆన్‌లైన్ క్లాసుల కోసం వాడి చేతికి అక్క ఫోన్ వచ్చింది. పిన్ను వాడికి తెలుసు. రెండు వారాల్లో 11,400 రూపాయలు ఒక ఆటలో పోయాయి. ఎనభై తొమ్మిది, నూటయాభై తొమ్మిది, అలా ముక్కలు ముక్కలుగా. బ్యాంకు మెసేజీలు వాడే తుడిచేశాడు.

"తమ్మీ, నువ్వు గసొంటి కంపెనీలల్లనే చేసినవ్ గదా. జర వాళ్ళను అడగరాదు" అంది అక్క.

ఎవర్ని అడగను? ఆటలో ఫోన్ నంబరు లేదు. మెయిల్ పెడితే మూడు నిమిషాల్లో జవాబొచ్చింది, అంటే మనిషి చదవలేదని అర్థం. మళ్ళీ మళ్ళీ రాస్తే సగం డబ్బులు వెనక్కొచ్చాయి. మా బాపు నాలుగడుగులు వేస్తే సేటు గల్లా ముందు నిలబడగలిగాడు. నేను ఇరవై ఏళ్ళు ఇదే రంగంలో ఉండి కూడా గల్లా ఎక్కడుందో కనుక్కోలేకపోయాను.

పిల్లవాణ్ణి అడిగాను, అన్నిసార్లు ఎందుకు కొన్నావురా అని.

"ఆఖరి రోజు అని ఉండె మామా. రోజూ ఆఖరి రోజే ఉండె."

అది నేను చేసిన ఆట కాదు. కానీ ఆ ఆరు లైన్లు నాకు బాగా తెలుసు.

ఆటల్లో అమ్మకాలే వద్దని నేననను. రూపాయి షాంపూ పొట్లం వచ్చాకే షాంపూ మా ఊళ్ళదాకా వచ్చింది. ఎవరో కొందరు తొడుగులు కొంటున్నారు కాబట్టే ఉట్నూరులో పైసా లేని పిల్లవాడు కూడా అదే ఆట ఉచితంగా ఆడుతున్నాడు. చిన్న ధర తప్పు కాదు. చీటీ దాచడం తప్పు. నా మటుకు నాకు సరైన అమ్మకం అంటే ఇవీ: ధర రత్నాల్లో, నాణేల్లో కాకుండా రూపాయల్లో కనపడాలి. పెట్టె అమ్మితే అవకాశం ఎంతో చెప్పాలి, ఇన్నిసార్లు కొంటే ఖాయం అని ఒక హద్దు ఉండాలి, అంటే అట్ట ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ కావాలి. గడియారం నిజం చెప్పాలి. పిల్లవాడు పొరపాటున కొంటే అడగడానికి ఒక మనిషి ఉండాలి. వీటిల్లో ఏదీ చెయ్యలేనంత కష్టమైన కోడ్ కాదని మీకూ తెలుసు.

"మేం టికెట్లో ఉన్నది రాశాం, మా బాధ్యతేముంది" అంటారు మనవాళ్ళు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాయి. అది ఒకప్పటి మా కరీంనగర్ జిల్లా మహదేవపూర్ మండలమే. జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ మంత్రులతో ఆగలేదు, ఇంజనీర్లను పిలిచి ఎవరి నిర్ణయం ఏమిటని అడిగింది. సివిల్ వాళ్ళ డ్రాయింగు మీద సంతకం ఉంటుంది. మన కమిట్ మీదా పేరుంటుంది, కాకపోతే బయటివాళ్ళు ఎవరూ చూడరు. అమెరికాలో ఫోర్ట్‌నైట్ చేసిన ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు, తెలియకుండా జరిగిపోయిన కొనుగోళ్ళకి వాపసు ఇవ్వడానికే. అక్కడి ట్రేడ్ కమిషన్ ఆరోపణల్లో ఒకటి నన్ను పట్టేసింది. పది లక్షలకి పైగా ఫిర్యాదులతో పాటు, సొంత ఉద్యోగులు పదేపదే చెప్పిన అభ్యంతరాల్ని కూడా కంపెనీ పట్టించుకోలేదట. అంటే అక్కడ ఎవరో మీటింగులో అడిగారు, నవ్వేసి ఊరుకోకుండా మళ్ళీ అడిగారు. అది రికార్డులో మిగిలింది, తర్వాత పనికొచ్చింది.

మేనల్లుడు ఇంటరు కూడా అయిపోగొట్టాడు. కంప్యూటర్ సైన్సే తీసుకుంటానంటున్నాడు. పోయినసారి కరీంనగర్ వెళ్ళినప్పుడు, నువ్వు ఏ గేములు చేసినవ్ మామా అని అడిగితే ఆ ఆరు లైన్ల సంగతి దాచకుండా చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "అబద్ధమని తెలిసి ఎందుకు రాసినవ్ మరి?"

మా సేటు కనీసం గల్లా తీశాడు. నేను చాయ్ చల్లారిపోయిందని లేచి వంటింట్లోకి పోయాను.